ఏడో బల్ల, మూడో పేజీ

పోయిన వారం మనం మీటింగు గదిలోంచి బయటికొచ్చేటప్పటికి పెన్ను బల్ల మీద ఉంది. ఇప్పుడూ అక్కడే ఉంది. షీటమ్మ దాన్ని ముట్టుకోలేదు.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఎత్తు మీద పనిచేసేవాళ్లు కట్టుకునే సేఫ్టీ బెల్టులు కుట్టే ఫ్యాక్టరీ ఇది. తొమ్మిది రోజుల కిందట ఒక రంగులేసే మనిషి నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు. బెల్టు కుట్టు విడిపోయింది. ప్రాణం దక్కింది, నడుము విరిగింది. రూలు ప్రకారం ప్రతి బెల్టునూ ఏడో బల్ల దగ్గర ఆరు వందల కిలోల బరువుతో మూడు నిమిషాలు లాగి చూడాలి. కానీ ఆ బల్ల ముందు వేలాడే పని సూచనల షీటులో మూడో పేజీ వేరే మాట చెబుతోంది. పదింటిలో ఒక్కటి లాగితే చాలు, అదీ అర నిమిషం. ఏ పని ఎలా చెయ్యాలో రాసి గోడలకెక్కించే ఉద్యోగం షీటమ్మది. ఆ పేరు కూడా అలా వచ్చిందే. షీటు మొదటి పేజీ మీద సంతకం ఆమెది. అసలు కాగితాలుండే బీరువా తాళం ఆమెది. బీరువాలోనూ అదే మూడో పేజీ దొరికింది.

"రెండే వాక్యాలు మేడమ్," అన్నాడు మేనేజరు, టైపు చేసిన కాగితం ఆమె ముందుకి జరుపుతూ. మామూలుగా ఆయన 'ఏమ్మా' అంటాడు. కోపం వస్తేనే మేడమ్. "'టైపు చేసేటప్పుడు మూడో పేజీలో అంకెలు పొరపాటున మారాయి. పరీక్షలు మాత్రం పాత పద్ధతిలోనే జరిగాయి.' ఇంతే. ఎవరికైనా జరిగేదే. పెద్ద శిక్ష కూడా ఉండదు."

"రెండే వాక్యాలు సార్. రెండూ అబద్ధాలే."

"ఈ సంతకం మీది కాదా?"

"మొదటి పేజీ మీద ఉన్నది నాదే. మూడో పేజీ మీద నా సంతకం లేదు. ప్రతి పేజీ మీదా పెట్టకపోవడం నా తప్పు. ఆ తప్పుకి కాగితం తెండి, ఇక్కడే సంతకం పెడతా. దీనికి పెట్టను."

"మొండితనానికీ ఓ హద్దుంటుంది."

"బెల్టుకీ ఉంటుంది సార్. అది చూడకుండానే బయటికి పంపాం."

బల్ల చివర కూర్చున్న తనిఖీ ఆఫీసరు అప్పుడు తలెత్తాడు. పొద్దున్నుంచి ఆయన మాట్లాడింది తక్కువ, పెన్సిల్‌తో రాసుకున్నది ఎక్కువ.

"ఆవిడ సంతకం పెడితే ఏమవుతుంది?" అని మేనేజరునడిగాడు.

"ఫైలు మూసెయ్యొచ్చు సార్. కాగితంలో తప్పే గానీ బెల్టులో తప్పు లేదని తేలిపోతుంది. ఆ రంగులాయన బెల్టు సరిగ్గా కట్టుకోలేదు, అంతే."

"బయటికెళ్లిన మిగతా బెల్టులు?"

"వాటికేం సార్, బంగారం."

"నాలుగు వేల నూట ఇరవై," అంది షీటమ్మ. "ఏడో బల్ల దగ్గర పని ఒక్కసారిగా వేగమై ఏడు వారాలు, నా లెక్కలో ఈ పేజీ మారింది అప్పుడే. ఆ ఏడు వారాల్లో గేటు దాటినవి అన్ని బెల్టులు. ఈ నిమిషాన అవి కట్టుకుని ఎంతమంది గోడలకి వేలాడుతున్నారో నాకు తెలీదు, మీకూ తెలీదు. నేను సంతకం పెడితే వాటిలో ఒక్కటీ వెనక్కి రాదు."

అప్పుడు బల్ల మీద ఒక చెయ్యి దబ్బుమని పడింది. నీళ్ల గ్లాసు ఎగిరింది. ఆ చెయ్యి ఆమె అన్నయ్యది. ఉత్పత్తి సూపర్‌వైజరు. పన్నెండేళ్ల కిందట చెల్లెల్ని ఈ ఫ్యాక్టరీకి తెచ్చి చేర్పించింది ఆయనే.

"మా చెల్లెలు అబద్ధం రాయదు సార్! గోడ మీద చూడండి, తొంభై ఆరు షీట్లు. ఒక్క అక్షరం తప్పుంటే నా మెడ మీద తలకాయ తీసేయండి!"

ఆ గదిలో ఆమె తరఫున మాట్లాడింది ఆయనొక్కడే. ఆఫీసరు గడియారం చూసి, "పది నిమిషాలు బయటికెళ్లి గాలి పీల్చుకోండి," అన్నాడు.

*

నడవాలో మంచినీళ్ల మిషను దగ్గర అన్నయ్య ఆమెకి గ్లాసు నింపి ఇచ్చాడు. చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మలూ, పెట్టెయ్."

"ఏం పెట్టెయ్యాలి?"

"సంతకం."

ఆమె గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆపేసింది. "ఇప్పుడేగా లోపల బల్ల గుద్దావు?"

"గుద్దాను. నలుగురిలో గుద్దాలి. ఇక్కడ మాట వేరు. మహా అయితే ఆరు నెలలు ఇంట్లో కూర్చోమంటారు. మేడమీద గది నీదే, కంచం నీదే. మీ వదిన పల్లెత్తు మాటనదు. ఇందాకే ఫోన్ చేసింది. చిన్నది అన్నం తినకుండా ఏడుస్తోందట, అత్తని పోలీసులు పట్టుకెళ్తారా అని."

"అత్తని ఎవరూ పట్టుకెళ్లరు, తిని పడుకోమని చెప్పు."

"నేను చెప్పేది విను. పెద్దవాళ్లతో పెట్టుకోవడమంటే గోడకి తల కొట్టుకోవడమే."

"కొట్టుకుంటా. గోడకి పగుళ్లొస్తాయేమో చూద్దాం."

"గోడకేం కాదే పిచ్చిదానా. తల నీది."

"అందుకే కదా అన్నయ్యా, నా ఇష్టం."

ఆయన నవ్వలేదు. చిన్నప్పటి నుంచీ ఆమె ఎదురు సమాధానం చెబితే ముందు నవ్వేది ఆయనే. షీటమ్మ దాన్ని గమనించింది గానీ ఆగి ఆలోచించే తీరిక లేదు. అప్పటికే ఆమె బుర్రలో వేరే ఆలోచన తిరుగుతోంది.

*

"సార్, ఒక్క మాట," అంది లోపలికొస్తూనే, ఆఫీసరుతో. "నా పద్ధతి చెప్తాను. షీటు రాసేముందు ఆ పని నేను ఒక పూటంతా నా చేతుల్తో చేస్తాను. రాశాక, ఆ మిషను ఎన్నడూ ముట్టని మనిషిని తెచ్చి నిలబెడతాను. పక్కన నోరు మూసుకుని నిలబడతాను. ఆ మనిషి కాగితం చూసి పని చెయ్యగలిగితే షీటు గోడకెక్కుతుంది. లేకపోతే చెత్తబుట్టకి పోతుంది. మూడో పేజీ నేనే రాసుంటే, దాన్ని చూసి ఎవరైనా ఆ పని చెయ్యగలగాలి. పదండి ఏడో బల్లకి. చెయ్యగలిగితే ఈ కాగితం మీద అక్కడే సంతకం పెడతా."

మేనేజరు చేతులు కట్టుకున్నాడు. "ఎవరు చేస్తారు? ఆ బల్ల దగ్గరుండే లాగుడు పిన్ని అయితే కళ్లు మూసుకుని కూడా లాగుతుంది."

"పిన్ని వద్దు. ఆఫీసరు గారే చెయ్యాలి."

మేనేజరు నోరు తెరిచాడు. ఆఫీసరు పెన్సిల్ జేబులో పెట్టుకుని లేచాడు. "పదండి," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా పక్కవాళ్ల పని తప్పులు రాస్తున్నా. ఒకసారి నా తప్పులు కూడా చూద్దాం."

కుట్టు హాల్లో నలభై మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఆగమని ఎవరూ చెప్పలేదు. చివర్న, ఏడో బల్ల వెనక స్టూలు మీద లాగుడు పిన్ని కూర్చుని ఉంది. పరీక్ష మిషను మీద పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెని పిన్ని అనే పిలుస్తారు.

"ఏమే షీటమ్మా, ఊరేగింపా?"

"పెళ్లికూతుర్ని నేనే పిన్నీ. కాస్త జరుగు."

గోదాములో పంపడానికి సిద్ధం చేసిన పెట్టె ఒకటి తెప్పించారు. ఆఫీసరు అట్టడుగు నుంచి ఒక బెల్టు తీశాడు. చొక్కా చేతులు పైకి మడిచి, మూడో పేజీ ముందు నిలబడి, బళ్లో పిల్లాడిలా గట్టిగా చదివాడు.

"ఒకటి. బెల్టు రెండు కొసలూ కొక్కేలకి తగిలించాలి." తగిలించాడు. "రెండు. బరువు ఆరు వందలకి పెంచాలి." పచ్చ బటన్ నొక్కాడు.

మిషను కదల్లేదు. పైన ఎర్రలైటు వెలిగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎర్రలైటు.

"కరెంటుందా?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. షీటమ్మ మాట్లాడలేదు. ఆఫీసరు తీగ చూశాడు, కొక్కేలు చూశాడు, కాగితం మళ్లీ చదివాడు. "మూడు. బరువు నిలిచాక జాలీ తలుపు వెయ్యాలి." ఆయన చూపు కాగితం నుంచి తలుపు మీదికి, తలుపు నుంచి బటన్ మీదికి నడిచింది. బరువు నిలిస్తే గానీ తలుపు వెయ్యకూడదు. కానీ బరువు పెరగనే పెరగడం లేదు. నిమిషం దాటింది. చెమటలు పట్టాయి.

"ఓడిపోయాను," అన్నాడు.

"మీరు ఓడిపోలేదు సార్. ఈ మిషను జాలీ తలుపు వేస్తేనే తిరుగుతుంది. బెల్టు తెగితే కొక్కెం ఎగిరి మొహానికి తగలకుండా అలా పెట్టారు. ఇది తెలీనివాళ్లు రాసిన పేజీ అది."

"లేదా తెలిసినావిడ తప్పు రాసిన పేజీ," అన్నాడు మేనేజరు, ఆనందం దాచుకోలేక. "నేను పొద్దున్నుంచీ మొత్తుకునేది అదేగా!"

"ఆవిడ తప్పు రాయలేదు సారూ," అంది పిన్ని స్టూలు మీంచే. "ఈ షీటు గోడకెక్కిన రోజు ప్యాకింగ్‌లో కొత్తగా చేరిన పిల్లని నిలబెట్టి చేయించింది. గడగడా చేసింది ఆ పిల్ల. నేను ఇక్కడే ఉన్నా."

"నా పేజీ నాకు నోటికొచ్చు," అంది షీటమ్మ. "నేను చెప్తాను, మీరు చెయ్యండి. కొసలు తగిలించారు. ఇప్పుడు జాలీ తలుపు, టక్కుమనేదాకా. పచ్చ బటన్. ఆరు వందలు కనబడగానే గడియారం నొక్కండి. మూడు నిమిషాలు చెయ్యి దేని మీదా వెయ్యొద్దు."

మోటారు మూలిగింది. బెల్టు తీగలా బిగిసింది. అంకె ఆరు వందల దగ్గర ఆగింది. ఆఫీసరు గడియారం నొక్కాడు.

అర నిమిషం.

"గోడమీది పేజీ ప్రకారం ఈ బెల్టు పాస్," అంది షీటమ్మ.

"మరింకేం, ఆపండి," అన్నాడు మేనేజరు.

ఆఫీసరు ఆపలేదు. నిమిషం. నిమిషన్నర. నలభై మంది కుట్టేవాళ్లు మెడలు చాచి చూస్తున్నారు. వాళ్లు కుట్టిన కుట్టే అది. రెండు నిమిషాలు. 'టిక్' మంది ఏదో. చిన్న శబ్దం, గోరు విరిగినట్టు. ఇంకో టిక్. పిన్ని స్టూలు మీంచి లేచింది.

రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర కుట్టు విడిపోయింది. కొక్కెం జాలీని తన్నిన మోత హాలు ఆ చివరిదాకా వినబడింది. బెల్టు రెండు ముక్కలై అటొకటి ఇటొకటి వేలాడింది.

కాసేపటికి పిన్ని అంది, ఎవర్నీ చూడకుండా: "పదింటిలో ఒకటే లాగాను సారూ. కాగితం మీద అలా ఉంటే అలాగే చేశా. మొన్న పాత పద్ధతిలోనే లాగానని రాసుకొచ్చి సంతకం పెట్టమన్నారు, భయమేసి పెట్టాను." తర్వాత షీటమ్మ వైపు తిరిగింది. "కాగితం మారినప్పుడల్లా నువ్వొచ్చి నిలబడి చదివి వినిపించేదానివి. ఈసారి రాలేదు. పెద్దదానివైపోయావు, ఇక మా దగ్గరికెందుకొస్తావులే అనుకున్నా. అడిగుంటే బాగుండేది."

"అడగాల్సింది నువ్వు కాదు పిన్నీ. వారానికోసారి వచ్చి గోడ చూసుకోవాల్సింది నేను."

షీటమ్మ ఆఫీసరుతో అంది: "నాలుగు వేల నూట ఇరవై, సార్. వెనక్కి పిలిపించండి."

ఆయన తెగిన ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఒక బెల్టు తెగితే ఒక పెట్టె ఆపే అధికారం నాకుందమ్మా. ఏడు వారాల సరుకంతా వెనక్కి రప్పించాలంటే, ఫలానా మనిషి ఫలానా రోజున కావాలని పేజీ మార్చాడని రిపోర్టులో ఉండాలి. మనిషి లేని రిపోర్టు మీద మా పైవాళ్లు సంతకం పెట్టరు. ఎవరు?"

"ఎవరేంటి సార్, కనబడుతూనే ఉందిగా," అన్నాడు మేనేజరు. పిన్ని వైపు వేలు చూపించాడు. "ఈ బల్ల దగ్గర ఉండేది ఈవిడ. పని తగ్గించుకోడానికి ఈవిడే పెట్టుకుంది. అదీ ఈ వారంలోనే పెట్టుంటుంది. అంటే మహా అయితే నాలుగు వందల బెల్టులు. నాలుగు వందలు నేనే తెప్పిస్తా."

"నేనా!" పిన్ని గొంతు పగిలింది. "నేను కాగితం చదివేదే అక్షరాలు కూడబలుక్కుంటూ. రాయడం కూడానా?"

ఆఫీసరు జేబులోంచి పెన్సిల్ తీశాడు. "ఏడో బల్ల ఆపరేటర్ అని రాయమంటారా?"

"ఆగండి," అంది షీటమ్మ. గోడ మీంచి మూడో పేజీ ఊడదీసి మొదటిసారి తాపీగా చదివింది. ఇన్ని రోజులూ ఆమె చూసింది రెండు అంకెల్నే. ఇప్పుడు మాటలు చూసింది. బరువు పెంచాలి, నిలిచాక జాలీ తలుపు వెయ్యాలి. ఈ మాటలు ఆమెకి తెలుసు. ఇవి ఆమె మాటలే. కాకపోతే మూడేళ్ల కిందటివి.

"ఇది చేత్తో చక్రం తిప్పే పాత మిషను పేజీ," అంది. "ఆ మిషను తీసేసినప్పుడు ఆ షీటు కాపీలన్నీ వెనక్కి తీసుకుని చించేశాను. ఒకటి ఎక్కడో మిగిలింది. దాన్ని ముందు పెట్టుకుని, అంకెలు మార్చి ఈ పేజీ చేశారు. మిషను మారితే పనిలో వరస కూడా మారుతుందని వాళ్లకి తట్టలేదు."

"ఎవరికి ఎన్ని కాపీలిచ్చారో రాసుకున్నారా?"

"రిజిస్టరుంది."

తెప్పించారు. నీలం అట్ట, బరువైన పుస్తకం. ఆఫీసరు వేలు పెట్టి చదివాడు. "పదకొండు కాపీలు ఇచ్చారు. పదకొండూ తిరిగొచ్చాయి. ప్రతి వరస పక్కనా 'ముట్టింది' అని మీ సంతకం."

మేనేజరు పగలబడి నవ్వాడు. "అన్నీ ఈవిడ చేతికే వచ్చాయిగా! ఇంకేం కావాలి సార్? ఈవిడా పిన్నీ కలిసి ఆడిన నాటకం!"

"నా కాపీ నూనె డబ్బా కింద పరుచుకుంటే, డబ్బా ఎత్తి మరీ లాక్కుపోయావు కదే," అంది పిన్ని దీనంగా. "చెప్పవే వీళ్లకి."

షీటమ్మకి వినబడలేదు. ఆమె కళ్లు పదకొండో వరస మీద ఆగిపోయాయి. మూడేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం. 'ఎక్కడో పడిపోయిందే అమ్మలూ. రాసెయ్. నామీద కూడా నమ్మకం లేదా?' ఆమె నవ్వింది. రాసేసింది. తొంభై ఆరు షీట్లలో ఒక్క అబద్ధం రాయని చెయ్యి ఆ పుస్తకంలో ఒకే ఒక్క అబద్ధం రాసింది. దాన్ని ఆ సాయంత్రానికే మర్చిపోయింది.

బీరువా తాళాలు ఇంట్లో వంటింటి తలుపు పక్క మేకుకి తగిలిస్తుంది. అదే మేకుకి ఇంకొకరి స్కూటరు తాళాలూ ఉంటాయి. రెండు నెలల కిందట పెద్ద ఆర్డరొచ్చింది. పరీక్ష దగ్గరే పని ఆలస్యమవుతోందని ఇంట్లో భోజనాల దగ్గర రోజూ విసుక్కున్న మనిషి, ఏడు వారాల కిందట ఒక రోజు నుంచి విసుక్కోవడం మానేశాడు. ఇందాక నడవాలో నవ్వలేదు.

ఆ మనిషి ఇప్పుడు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఏ బల్లా గుద్దడం లేదు. పిన్ని వైపు వేలు చూపించినప్పుడు కూడా గుద్దలేదు.

"ఈ రిజిస్టరులో ఒక అబద్ధం ఉంది సార్," అంది షీటమ్మ.

హాలంతా ఆమె వైపు తిరిగింది.

"పదకొండు తిరిగి రాలేదు. పదే వచ్చాయి. పదకొండోది రాకుండానే వచ్చినట్టు రాశాను. ఈ సంతకం నాదే. దీనికి ఏ శిక్షయినా వెయ్యండి, కాదనను."

"అమ్మలూ," అన్నాడు అన్నయ్య, పెదవులు కదిలీ కదలనట్టు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇది ఇంటి విషయం కాదన్నయ్యా."

ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడింది. బిగుసుకుంది. చదువు మాన్పిస్తామని నాన్న అన్న రోజున అడ్డంగా నిలబడ్డ చెయ్యి అది. మొదటి జీతం రోజున ఆమెకి చేతి గడియారం కట్టిన చెయ్యి. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఎదురుగా రెండు ముక్కలైన బెల్టు వేలాడుతోంది.

ఆయన చెప్తాడేమోనని ఆగింది. ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నేల చూపులు చూశాడు.

"పదకొండో వరసలో ఉన్న పేరు మీరే చెప్పండి. ఆ కాపీ ఎవరి దగ్గర ఉండిపోయింది?" అన్నాడు ఆఫీసరు. పెన్సిల్ కాగితానికి ఆనించి ఉంది.

షీటమ్మ భుజం మీది చేతిని తీసి పక్కకి పెట్టింది.

"ఉత్పత్తి సూపర్‌వైజరు దగ్గర సార్," అంది, నలభై మిషన్ల అవతలికీ వినబడేలా. "మూడో పేజీ మార్చింది మా అన్నయ్య."